దత్త మండలం నుంచి శప్తభూమి దాకా

అనంతపురం అనగానే బయటివాళ్లకు రెండే గుర్తుకొస్తాయి: కరువు, ఫ్యాక్షన్. మొదటిది పత్రికలు నేర్పిన మాట. రెండోది 1999లో 'సమరసింహారెడ్డి' ఆడిన తర్వాత సినిమాలు వదలకుండా అరగదీసిన మాట. అంతకుముందు పేరూ బయటినుంచి వచ్చిందే. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు కాబట్టి 'దత్త మండలాలు' అన్నారు. ఇచ్చిపుచ్చుకున్న లెక్కే తప్ప, అక్కడ బతికేవాళ్ల ఊసు ఆ పేరులో లేదు. అనంతపురం రచయితలు దశాబ్దాలుగా రాస్తున్నది ఈ పేర్లకు జవాబే. కరువు తలరాత కాదు, దానికో చరిత్ర ఉందన్నది ఆ జవాబు సారం.

వాన పడకపోతే చరిత్ర ఏం చేస్తుందని అడగొచ్చు. నిజమే, పడమటి కనుమల చాటున ఉన్న ఈ పీఠభూమికి ఏడాదికి దక్కేది సుమారు 550 మిల్లీమీటర్లే. కానీ తక్కువ వాన వేరు, కరువు వేరు. ఆ కొద్దిపాటి నీళ్లనూ నిలబెట్టుకోవడానికే విజయనగర కాలంలో బుక్కరాయసముద్రం లాంటి చెరువులు కట్టారు. కొర్రలు, జొన్నల చోట చెనిక్కాయ (వేరుశనగ) ఒక్కటే పరుచుకున్నాక సేద్యం మొత్తం ఒక్క పంట మీద, ఒక్క అదును మీద వేలాడింది. సింగమనేని నారాయణ తన కథాసంపుటికి 'జూదం' అని ఊరికే పేరు పెట్టలేదు. నీళ్ల పంపకమూ మనుషుల చేతుల్లోదే. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమకు ముందు వాటా అంది. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం కూడా అంది. 1954లో విశ్వవిద్యాలయం వచ్చింది, తిరుపతికి! అనంతపురం 1981 దాకా ఆగింది. ఇవన్నీ మబ్బులు తీసుకున్న నిర్ణయాలు కావు. బండి నారాయణస్వామి నవల 'శప్తభూమి' ఇంకా వెనక్కి, అనంతపురాన్ని ఏలిన 18వ శతాబ్దపు హండే పాలకుల కాలానికి వెళ్లి, పేరులోని శాపం ఎవరి నెత్తిన ఎక్కువగా పడిందో చూపిస్తుంది. దానికి 2019 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఇలాంటి రాతలు తెలుగువాళ్లను చీలుస్తాయన్నది ఇంకో అభ్యంతరం. 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' అన్న పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు ఉత్తరాంధ్రలో పుట్టి, అనంతపురం కళాశాలలో పాఠాలు చెప్పినవాడు. సీమకు సొంత పేరిచ్చింది వేరే ప్రాంతంవాడైతే ఇక చీలిక ఎక్కడిది? నన్ను అడిగితే అసలు ప్రమాదం మరోచోట ఉంది: సీమ అంటే అందరూ ఒకటే అనుకోవడం. చిలుకూరి దేవపుత్ర నవల 'పంచమం' ఆ భ్రమను తెంచింది. కరువు ఊరందరికీ వస్తుంది గానీ దళితవాడకు వచ్చే కరువు వేరు.

సినిమాలు చూసి సీమ తెలుసనుకునేవారు ముందు విద్వాన్ విశ్వం కావ్యం 'పెన్నేటి పాట' చదవండి, తర్వాత 'శప్తభూమి', ఆ వెంటనే 'పంచమం'. వరుస మార్చకండి.