ఇటూ మనవాడే, అటూ మనవాడే

2019 మే 12వ తేదీ రాత్రి. భివండి పద్మానగర్‌లో తెలిసినవారింటికి పెళ్లి పిలుపు మీద వెళ్లి, టీవీలో క్రికెట్ ఫైనల్ వస్తుంటే చూస్తూ ఉండిపోయాను. హైదరాబాద్ ఉప్పల్ మైదానంలో ముంబాయి, చెన్నై జట్ల ఐ.పి.ఎల్. పోటీ. ఇంటి పెద్దాయన కరీంనగర్ జిల్లా నుంచి సాంచాల పనికి వచ్చి నలభై ఏళ్లు దాటింది. మనవడు ఇక్కడే పుట్టి, మరాఠీ బడిలో చదువుకుంటున్నవాడు.

"మన హైదరాబాదోళ్లు లేరా బిడ్డా?" అని అడిగాడు తాత.

"లేరు తాతా, మొన్ననే ఓడిపోయిండ్రు."

"మరి మనోడు ఎవలన్న ఉన్నరా?"

"రాయుడు ఉన్నడు. పసుపు బట్టల దిక్కు."

"అయితే మనం అటు దిక్కే."

"కాదు తాతా, మనది ముంబై!"

పెద్దాయన ముఖం చిన్నబోయింది. "చూసిండ్రా సారూ, ఈ పోరగాళ్లు మన ఊరే మర్చిపోయిండ్రు" అన్నాడు నాతో. పిల్లవాడు మారు మాట్లాడలేదు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్లవాడి తరఫున చెప్పవలసిన మాటలు అప్పుడు నాకు తోచలేదు. ఇంటికి వెళ్లాక తోచాయి.

ఆ రాయుడి సంగతే చూడండి. గుంటూరులో పుట్టి హైదరాబాద్‌లో ఆట నేర్చుకున్న అంబటి రాయుడు ఐ.పి.ఎల్.లో ఆడినవి రెండే జట్లు. 2010 నుంచి 2017 వరకు ముంబాయి, 2018 నుంచి 2023 వరకు చెన్నై. 2017 మే 21న ఇదే ఉప్పల్‌లో ముంబాయి 129 పరుగులు చేసి, పుణె జట్టును 128 దగ్గర ఆపి కప్పు గెలిచింది. అప్పుడు రాయుడు ముంబాయి ఆటగాడు. రెండేళ్ల తర్వాత, మేము చూస్తున్న ఆ రాత్రి, ముంబాయి 149 చేస్తే చెన్నై 148 దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు రాయుడు చెన్నై ఆటగాడు. ఒకే మైదానం, రెండుసార్లూ ఒక్క పరుగే తేడా. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఒకసారి జమ, ఒకసారి ఖర్చు. మొత్తం మీద ఆయన ముంబాయితో మూడుసార్లు (2013, 2015, 2017), చెన్నైతో మూడుసార్లు (2018, 2021, 2023) కప్పు గెలిచాడు. ఖాతా రెండు వైపులా సమానం!

ఇక ఆ రాత్రి ముంబాయి నాయకుడు రోహిత్ శర్మ. తల్లిగారిది విశాఖపట్నం. తాను పుట్టింది నాగపూర్‌లో. తల్లిదండ్రులు మన పక్కనే ఉన్న డోంబివలీలో ఒక్క గది ఇంట్లో ఉంటే, రోహిత్ బోరివలీలో తాతగారి దగ్గర పెరిగాడు. అతనూ ఐ.పి.ఎల్.లో రెండు జట్లవాడే. 2008 నుంచి 2010 వరకు హైదరాబాద్ వారి డెక్కన్ చార్జర్స్, 2011 నుంచి ముంబాయి.

2009లో ఆ పోటీలు దక్షిణాఫ్రికాలో జరిగాయి. మే 6న సెంచూరియన్‌లో డెక్కన్ జట్టు ముంబాయిని ఎదుర్కొంది. అప్పటికే రంజీ పోటీల్లో ముంబాయికి ఆడుతున్న రోహిత్, ఆ రోజు ముంబాయి మీదనే వరుసగా మూడు బంతుల్లో ముగ్గురిని పడగొట్టాడు. 2 ఓవర్లలో 6 పరుగులిచ్చి 4 వికెట్లు! సొంత ఊరికి ద్రోహం చేశాడని ముంబాయివారు తలుపు మూసెయ్యలేదు. 2011 వేలంలో 20 లక్షల డాలర్లు పోసి తెచ్చుకున్నారు. 2013లో నాయకత్వం అప్పగించారు. అతని సారథ్యంలో అయిదు కప్పులు వచ్చాయి. 2009లో డెక్కన్‌తో గెలిచినది కలుపుకుంటే ఆరు.

ఈ దారిలో నడిచినవాడు అతనొక్కడే కాదు. 2009 మే 24న జొహానెస్‌బర్గ్ ఫైనల్లో డెక్కన్ జట్టు బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించినప్పుడు 53 పరుగులతో చివరిదాకా నిలిచిన గిబ్స్, ఆ ఏడాది 23 వికెట్లతో అందరికంటే ముందున్న ఆర్.పి. సింగ్, ఆస్ట్రేలియా వీరుడు సైమండ్స్, హైదరాబాద్ కుర్రవాడు తిరుమలశెట్టి సుమన్, వీరందరూ తర్వాత ముంబాయి నీలిరంగు వేసుకున్నవారే. ప్రజ్ఞాన్ ఓఝా అయితే ఒడిశాలో పుట్టి హైదరాబాద్ ఆటగాడై, ఐ.పి.ఎల్.లో డెక్కన్‌కు, ముంబాయికి మాత్రమే ఆడాడు. 2013 నవంబరులో వాంఖడేలో సచిన్ చివరి టెస్టులో పది వికెట్లు తీసి ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. అదే తనకూ చివరి టెస్టు అయింది.

డెక్కన్ జట్టు 2012లో మూతపడింది. పుట్టింటి తలుపులు మూసుకుపోయిన ఆడపిల్లల్లా వారంతా మిగిలారు. అయినా 2009 నాటి విజయం వారి పేర్ల పక్కన అలాగే ఉంది. ఊళ్లో ఇల్లు కూలిపోయినంత మాత్రాన ఆ ఊరి వారం కాకుండా పోతామా?

ఇది నేటి డబ్బు ఆటల్లో పుట్టిన వింత కూడా కాదు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టిన సి.కె. నాయుడు 1932లో మన దేశపు మొట్టమొదటి టెస్టుకు నాయకుడు. ఇండోర్ హోల్కర్ జట్టును రంజీ విజేతగా నిలిపిన ఆయనే, 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ బరిలో దిగినప్పుడు దానికీ నాయకత్వం వహించాడు. అప్పటికి ఆయన వయసు 58. ఇండోర్‌వారు ఆయనను పరాయివాడనలేదు, ఆంధ్రులు ఎక్కడివాడని అడగలేదు.

బ్యాంకులో ఖాతా ఫారం నింపేటప్పుడు మనవాళ్లు ఒక చోట కలం ఆపేస్తారు. 'ప్రస్తుత చిరునామా' గబగబా రాయిస్తారు. 'శాశ్వత చిరునామా' దగ్గరికి రాగానే, "సారూ, ఊళ్లె ఇల్లు పడిపోయింది, మరి ఏం రాయాలె?" అంటారు. ఊరి పేరే రాయమంటాను. రెండు గళ్లు ఇచ్చింది రెండూ నింపడానికే గదా! ఒకటి నింపితే ఇంకొకటి కొట్టెయ్యాలని ఏ ఫారంలోనూ లేదు.

వారం తర్వాత పెళ్లి పందిట్లో ఆ తాతా మనవళ్లు మళ్లీ కనిపించారు. ఇదంతా చెబుదామని మొదలుపెట్టాను గానీ, నాకంటే పిల్లవాడికే ఎక్కువ తెలుసు. సెంచూరియన్ ఆటలో ఏ బంతికి ఎవరు పోయారో చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చాడు. మధ్యమధ్య మరాఠీ మాటలు దొర్లుతుంటే తాత ఆపి తెలుగు మాట అందించాడు. రోహిత్ తల్లి సంగతి వచ్చేసరికి పెద్దాయన ముందుకు వంగాడు.

"ఆయన అమ్మది వైజాగా? మరి ఆ రాత్రి చెప్పకపోతివి!"

"నువ్వు అడగలే గదా తాతా."

పెద్దాయన కాసేపు ఆలోచించి, "అయితే ఆ రాత్రి ఇటూ మనోడే, అటూ మనోడే" అన్నాడు. పిల్లవాడు నవ్వేశాడు.

మన ఇళ్లలోనూ ఈ పేచీ ఉండే ఉంటుంది. పిల్లలు ఏ జట్టు వైపు కేకలు వేస్తున్నారని కోపగించుకోవద్దు. పక్కన కూర్చుని, ఆ ఆటగాడి కథ తెలుగులో చెప్పించుకోండి.