తెరమీద కొడుకు

మా కడప జిల్లా పల్లెలనుండి కువైటు వెళ్లినవారి ఉత్తరము కొరకు తల్లులు వారాల తరబడి ఎదురుచూచిన దినములు మనమెరుగుదుము. చదువురానివారు పక్కింటి పిల్లలచేత జాబు వ్రాయించుకొనేవారు. అసలు మాట పరాయిబిడ్డ ఎదుట చెప్పలేక మ్రింగుకొనేవారు.

1995 జూలై 31న బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడినదే మన దేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ. ఆ రోజులలో వచ్చిన ఫోను ఎత్తినా డబ్బే!

నేడు మా వీధి అవ్వ అరుగుమీదనే కూర్చుండి, కువైటులోని కొడుకును తెరమీద చూచుచున్నది. "చిక్కిపోయినావు నాయనా" అని వాని చెంప తడుమబోవును. వేలు తగిలి ఫోను తెగిపోవును. మరల పక్కింటి పిల్లవానినే కేకవేయును. వాడు కలిపి యిచ్చి వెళ్లువరకు ఆగి, అప్పుడు అసలు మాట మొదలుపెట్టును.