మన ఊరి పాముల పటం



ముగ్గు పెట్టే చేతికి పటం గీయడం ఎంత పని? మొన్న మా తరగతిలో నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేశాం. వీధులు, చెరువు, గెడ్డ, పొలాలు, కళ్లం, కొండవార జీడితోట అన్నీ గీశాం. "పాము కనిపించిన చోట ఒక చింతగింజ పెట్టండి" అన్నాను.

అందరూ పెట్టారు. ఒక పిన్ని తన ఇంటి గడప దగ్గర గింజ పెట్టి, కాసేపు మాట్లాడలేదు. ఆమె పెనిమిటి ఆ ఇంట్లోనే నేల మీద పడుకున్నాడు. రాత్రి పాము కరిచింది. వాపు లేదు, నొప్పి లేదు. ఏమీ కాదనుకున్నారు. తెల్లారి మంత్రం వేయించారు. ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది.

అది కట్లపాము. రాత్రిపూట తిరుగుతుంది. కరిచినట్టు కూడా తెలియకపోవచ్చు. తర్వాత కడుపునొప్పి వస్తుంది. కనురెప్పలు వాలిపోతాయి. ఊపిరి ఆడదు.

పటం చూస్తే ఒక సంగతి తెలిసింది. పాములు ఎక్కడపడితే అక్కడ ఉండవు. తిండి, దాక్కునే చోటు ఉన్న దగ్గర ఉంటాయి.

నాగుపాము పొలం గట్లలో, ఎలక కన్నాల్లో, పుట్టల్లో ఉంటుంది. పుట్ట కట్టేది చెదపురుగులు. పాము అందులో చేరుతుంది, అంతే.

రక్తపింజరి ఎండుటాకుల్లో, పొదల్లో, కోతకొచ్చిన చేలో ఉంటుంది. ఆకుల్లో కలిసిపోతుంది.

నీరుకట్టె చెరువులో, గెడ్డలో ఉంటుంది. దానికి విషం లేదు. జెర్రిపోతుకీ లేదు. అది ఎలకల్ని తిని మన ధాన్యం కాపాడుతుంది.

గిరినాగు కొండ అడవుల్లో ఉంటుంది. అది ఎక్కువగా పాముల్నే తింటుంది.

కాలాన్ని బట్టి ఈ చోట్లు మారతాయి. వానలకి కన్నాలు నీళ్లతో నిండితే పాములు మెరక మీదికి వస్తాయి. కోతల తర్వాత ఎలకలు కళ్లానికి చేరతాయి. వాటి వెనకే పాములూ వస్తాయి.

ఈ తెలివి మనవాళ్లకి పాతదే. పాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖపట్నంలో ఉండి పాముల్ని సేకరించాడు. 1796లో బొమ్మలతో పుస్తకం వేశాడు. అందులో పాముల తెలుగు పేర్లు రాశాడు. కట్లపాముల జాతికి శాస్త్రవేత్తలు వాడే 'బంగారస్' అనే పేరు మన 'బంగారు' అన్న మాట నుంచే వచ్చింది. ఆనాడు మనవాళ్లు చెబితే దొర రాసుకున్నాడు. ఇప్పుడు మనమే రాసుకోగలం.

రాయడం ఎందుకంటారా? 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. అందులో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపు జరిగినవే.

గింజలు ఎక్కువ పడిన చోట చెత్త తీసేయండి. కట్టెలు, పిడకలు గోడకి దూరంగా పేర్చండి. కర్రతో కదిపి, తర్వాత చెయ్యి పెట్టండి. రాత్రి లైటు, చెప్పులు లేకుండా నడవకండి. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి.

పాము కరిస్తే కొయ్యకండి, పీల్చకండి, గట్టిగా కట్టకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేయండి. విషానికి మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. మరి మంత్రంతో బతికినవాళ్ల మాటేమిటి? వాళ్లని కరిచిన పాముకి విషం ఉండదు. లేదా కాటులో విషం ఎక్కి ఉండదు.

ఇప్పుడు మీ ఊరి పటం కాగితం మీద గీయండి. పాముల పేర్లు మీ చేత్తోనే రాయండి. కింద '108' అని పెద్దగా రాసి, అందరికీ కనిపించే గోడకి అంటించండి. మా పటంలో ఆ అంకె రాసింది ఆ పిన్నే.