రెక్క మెలి ఎందుకు తిరుగుతుంది? తిన్నగా ఎలా నిలుస్తుంది?

"బాబాయ్, బల్ల మీద ఉన్నంతసేపూ తిన్నగానే ఉంది. పిన్నులు పీకిన మర్నాటికి ఇలా అయింది. ఎందుకంటావ్?"

కూచిపూడిలో మా వీధి కుర్రాడు తను చేసిన బొమ్మ విమానం బల్సా రెక్క తెచ్చి ముందు పెట్టాడు. కుడి కొసన వెనకంచు మూడు మిల్లీమీటర్లు కిందికి దిగింది. ఆ మాత్రం చాలు. ఆ కొస ఎక్కువ లేస్తుంది, విమానం ఎడమకు ఒరుగుతుంది. వేగం తగ్గితే మాత్రం ఆ కొసే ముందు పట్టు తప్పి కుడికి కూలుతుంది. 1903లో రైట్ సోదరులు తమ విమానం ఒరుగును అదుపు చేసింది తీగలతో రెక్క కొసల్ని మెలిపెట్టే.

తప్పు వాడి చేతిది కాదు. బల్సా కూడా కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికిలా తేలికైన చెక్క. తేమ తాగితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మన డెల్టా గాలిలో తేమకు కొదవా! పైగా ఫెవికాల్‌లో నీళ్లుంటాయి. వాడు రెక్క పైన కప్పే పల్చటి బల్సా రేకు మాత్రమే అంటించి రెక్కను బల్ల మీంచి తీశాడు. ఆరుతూ ఆ పైరేకు రెక్కను లాగింది, ఆపడానికి కింద రేకు లేదు. మూత తెరిచిన అట్టపెట్టెను మెలిపెట్టి చూడండి, తిరుగుతుంది. మూత అంటిస్తే మొరాయిస్తుంది. రెక్కా అంతే. మూసుకునే క్షణంలో ఎలా ఉంటే అలాగే ఉండిపోతుంది.

అందాకా దాన్ని తిన్నగా పట్టి ఉంచేదే జిగ్. రెక్కకు ఆకారమిచ్చే అడ్డబద్దల, అంటే రిబ్బుల, అడుగు వంపుగా ఉంటే బల్ల మీద సరిగా ఆనవు. అందుకే రిబ్బులన్నీ కట్టగా పేర్చి ఒకేసారి రెండు రంధ్రాలు తొలచాలి. (కొసకు సన్నబడే రెక్కైతే ఒక్కో రిబ్బు మీదా మధ్యగీత గీసుకుని తొలచాలి.) వాటిలోంచి రెండు ఉక్కు చువ్వలు దూర్చాలి. చువ్వ తిన్నగా ఉందో లేదో గాజుపలక మీద దొర్లిస్తే తెలిసిపోతుంది. ప్లైవుడ్ వంగుతుంది, కింద గ్రానైట్ పలకే మేలు. చువ్వల కొసలు ఆనే నాలుగు దిమ్మల ఎత్తూ ఒకటే ఉండాలి. చువ్వలకు కొవ్వొత్తి రుద్దితే జిగురు పట్టదు.

రెక్క పొడవునా వేసే స్పార్లు, అంచులు, పైరేకు అంటించి ఆరనివ్వాలి. చువ్వలతో సహా తిరగేసి, మళ్లీ దిమ్మల మీదే ఉంచి కిందిరేకు అంటించాలి. రాత్రంతా ఆరాకే చువ్వలు లాగాలి.

వాడి రెక్కకు కిందిరేకు ఇంకా పడలేదు, అదే అదృష్టం. పైరేకును తడిగుడ్డతో అద్ది, కుడి కొస వెనకంచు కింద సన్నని బద్ద దోపి, బరువులు పెట్టాం. రేపు ఆ బద్ద తీసేసి, రెక్క తిన్నగా ఉందని చూసుకున్నాకే కిందిరేకు అంటిస్తాం.