మీకు తెలుసా? పురిటికి ముందు ఒక్క రక్తపు చుక్క!

కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వైరస్ పెద్దవాళ్లకు సోకితే నూటికి 95 మందికి పైగా దాన్ని కొన్ని నెలల్లోనే వదిలించుకుంటారు. అదే పుట్టీ పుట్టగానే సోకితే నూటికి 90 మంది పిల్లల్లో ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది! ఇంకా కళ్లయినా సరిగ్గా తెరవని పసికందు ఒంటికి ఆ శత్రువును పోల్చుకోవడం రాదు మరి.

తల్లి నుంచి బిడ్డకు ఎక్కువగా ఎప్పుడు అంటుతుందో చెప్పండి చూద్దాం? కడుపులో ఉన్న తొమ్మిది నెలల్లో కాదు, పురుడు జరిగే ఆ కొద్ది గంటల్లో! తల్లి రక్తం, స్రావాలు తగలడమే కారణం. గర్భిణికి ముందే పరీక్ష చేస్తే బిడ్డకు రక్షణ సిద్ధంగా ఉంచుకోవచ్చు.

ఆ పరీక్ష వెతికేది మొత్తం వైరస్‌ని కాదు, దాని పైతొడుగుని! ఒక్కో వైరస్‌కి వెయ్యి నుంచి లక్ష దాకా ఉత్త తొడుగులు రక్తంలో తిరుగుతుంటాయి. వేలి కొసన తీసిన చుక్క పట్టీ మీద పడిన కాసేపటికే ఒక గీత కనిపిస్తే లేనట్టు, రెండు కనిపిస్తే ఉన్నట్టు. ఎంత తేలికో!

ఆ తొడుగు మొదట దొరికింది ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్త నమూనాలో! దాన్ని గుర్తించిన బరూచ్ బ్లంబర్గ్‌కి 1976లో నోబెల్ వచ్చింది. ఆయన పుట్టినరోజు జూలై 28నే ప్రపంచ హెపటైటిస్ దినం జరుపుతారు.

ఒంటి బయట ఎండిన రక్తంలోనూ ఈ వైరస్ ఏడు రోజులు బతుకుతుంది! అమ్మో!

తల్లికి ఉందని తేలితే బిడ్డకు రెండు తొడలకూ రెండు సూదులు! 24 గంటల్లోపు టీకా ఒక తొడకు, వీలైతే 12 గంటల్లోపు రెడీమేడ్ యాంటీబాడీలు రెండో తొడకు. టీకా ఒంటికి పోరాటం నేర్పేలోగా యాంటీబాడీలు కాపలా కాస్తాయి. తర్వాతి డోసులూ వేళకు పడితే ఎక్కువ మంది పిల్లలు తప్పించుకుంటారు.

తైవాన్‌లో ఒకప్పుడు పది మంది పిల్లల్లో ఒకరికి ఈ వైరస్ ఉండేది, ఇప్పుడు నూటికి ఒక్కరికీ లేదు! 1984లోనే గర్భిణులకు పరీక్షలు చేసి, వైరస్ ఉన్న తల్లుల పిల్లలకు టీకాలు మొదలుపెట్టిన దేశం అది.

ఈ టీకాను ఈస్ట్ కణాలు తయారుచేస్తాయి! అలాంటి తొలి భారతీయ టీకా 1997లో వచ్చింది మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ నుంచే.

మరి వైరస్ ఉన్న తల్లి పాలివ్వొచ్చా? నిక్షేపంగా ఇవ్వొచ్చు! ముర్రుపాలతో సహా!