సైలెన్సర్ కడుపులో సీసం

అమెరికాలో .22 తుపాకీలకు సైలెన్సర్ పెట్టి కాల్చేవాళ్లకు అనుభవంలో ఉన్న సంగతి ఇది. గొట్టం చివర బిగించిన సైలెన్సర్ వాడేకొద్దీ బరువెక్కుతుంది. లోపల పేరుకునేది సీసం. పట్టించుకోకుండా వదిలేస్తే లోపలి గదులు పూడుకుపోతాయి, వాటిని విడదీసే అడ్డుపలకలు సైలెన్సర్ గొట్టానికి కరుచుకుని ఎంత లాగినా ఊడిరావు. అంతదాకా రాకముందే విప్పి చూస్తే పలక మీద బూడిదరంగు పెచ్చు కట్టి ఉంటుంది. గోరుతో గీస్తే లోపల లోహం మెరుస్తుంది.

ఈ పరికరాన్ని జనంలోకి తెచ్చినవాడు హైరమ్ పెర్సీ మాక్సిమ్. 1884లో మెషిన్ గన్ తయారుచేసిన హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ ఆయన తండ్రి. తుపాకుల మోతలో బతికిన ఆ తండ్రికి చివరికి చెవులు వినపడలేదు. కొడుకు 1909లో తుపాకీ మోత తగ్గించే గొట్టానికి పేటెంట్ పొందాడు. స్నానపు తొట్టిలోంచి నీళ్లు సుడి తిరుగుతూ దిగడం చూసి, వాయువునూ అలాగే తిప్పి నెమ్మదింపజేయొచ్చన్న ఆలోచన వచ్చిందంటారు.

మోత పుట్టేది ప్రధానంగా బుల్లెట్ వెనకాల వచ్చే వాయువు వల్ల. మందు మండినప్పుడు 2,000 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడితో, విపరీతమైన పీడనంతో ఉన్న వాయువు గొట్టం దాటగానే ఒక్కసారిగా గాలిని కొడుతుంది. సైలెన్సర్ దాన్ని గది తర్వాత గదిలో ఆపి, తిప్పి, చల్లార్చి వదులుతుంది. సినిమాల్లో చూపించే నిశ్శబ్దం నిజంగా ఉండదు. 160 డెసిబెల్స్ దగ్గర ఉండే పేలుడు సుమారు 20 నుంచి 35 డెసిబెల్స్ తగ్గుతుంది, అంతే. ధ్వనిని మించిన వేగంతో పోయే బుల్లెట్ చేసే చప్పుడును అది ఆపలేదు. అయినా చెవులకు ఆ తగ్గుదల తక్కువ మేలు కాదు.

వాయువును ఆపి చల్లార్చడమే దీని గొప్పతనం, దీని కష్టమూ అక్కడే మొదలవుతుంది. ఆ వాయువు ఖాళీ చేతులతో రాదు. బుల్లెట్ అడుగు నుంచి కరిగి చిమ్మిన సీసం, గాడుల్లో రాసుకుని రాలిన సీసం, చాలా తూటాల క్యాపులో ఉండే సీసపు రసాయనం తాలూకు మసి, అన్నీ దానితోనే కొట్టుకొస్తాయి. సైలెన్సర్ లేకపోతే అవి గాలిలో కలిసేవి. ఇక్కడ పలకలకు అంటుకుంటాయి.

ఈ బెడద .22కే పరిమితం కాదు. చక్రాలకు బిగించే పాత సీసం బరువులను, సీసం తుక్కును కరిగించి ఇంట్లోనే బుల్లెట్లు పోతపోసుకునే అలవాటు అమెరికాలో చాలామందికి ఉంది. వట్టి సీసం గొట్టానికి అంటుకుంటుంది కాబట్టి వాళ్లు ఇనుప గేట్లకు వేసే పౌడర్ కోటింగ్‌నే బుల్లెట్లకూ వేయడం మొదలుపెట్టారు. పొడిని బుల్లెట్లకు పట్టించి సుమారు 200 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలు ఉంచితే చాలు. సీసం కరగడానికి 327 డిగ్రీలు కావాలి, అంటిమొని కలిస్తే అంతకన్నా తక్కువ, అయినా 200కు పైనే. అందుకే బుల్లెట్ ఆకారం చెడకుండా పొడి మాత్రం కరిగి గట్టి పొరగా బిగుసుకుంటుంది. ఎర్రగా, నీలంగా, చూడముచ్చటగా ఉంటాయి ఆ బుల్లెట్లు.

ఈ పొర గొట్టాన్ని నిజంగానే కాపాడుతుంది. కాల్చాక గొట్టంలోకి చూస్తే అద్దంలా కనిపిస్తుంది. చాలామంది పొరపడేది ఇక్కడే: గొట్టం శుభ్రంగా ఉంది కాబట్టి సైలెన్సరూ శుభ్రమే అనుకుంటారు. పొర సరిగా ఉడకకపోయినా, అడుగున పలచబడినా, బుల్లెట్ కొలత కాస్త వదులై వాయువు పక్కల నుంచి దూరినా సీసం తప్పించుకుంటుంది. కోటింగ్ వేస్తే పేరుకోవడం తగ్గుతుంది కానీ ఆగిపోదు. పైగా మాడిన ప్లాస్టిక్ పొర మసితో కలిసి పలకలకు పట్టుకుంటుంది. అతుకు వేసి మూసేసిన రైఫిల్ సైలెన్సర్లలో సీసం బుల్లెట్లు కాల్చవద్దని అనడం ఇందుకే. విప్పడానికి వీల్లేని సైలెన్సర్‌ను కడిగేదెలా?

పాడైతే కొత్తది కొనొచ్చుగా అంటే అమెరికా చట్టంతో చిక్కు. 1934 నుంచి సైలెన్సర్‌ను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. 200 డాలర్ల పన్ను 2026 జనవరి నుంచి పోయింది కానీ నమోదు పోలేదు. అదనపు అడ్డుపలకను కూడా చట్టం సైలెన్సర్‌గానే లెక్కిస్తుంది, కాబట్టి విడి పలకలు కొని ఇంట్లో దాచుకోవడం కుదరదు. ఉన్నవాటినే కడిగి వాడుకోవాలి.

కడిగే పద్ధతుల్లో నాకు భయం పుట్టించేది ఒకటుంది. వెనిగర్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి పలకలను నానబెడతారు. పెరాక్సైడ్ సీసాన్ని ఆక్సీకరిస్తే వెనిగర్‌లోని ఆమ్లం దాన్ని కరిగించేస్తుంది. స్టీలు పలకలు తళతళలాడతాయి, అల్యూమినియం పలకలైతే తినేసుకుపోతాయి. మిగిలేది లెడ్ ఎసిటేట్ ద్రావణం, అది విషం. గట్టిగా ఉన్న సీసం కన్నా నీళ్లలో కరిగిన ఈ సీసం ఒంట్లోకి ఎక్కడం ఎంతో తేలిక. స్టీలు పలకలను అల్ట్రాసోనిక్ తొట్టిలో పెట్టడమో, స్టీలు పిన్నులతో డ్రమ్ములో తిప్పడమో కాస్త మేలు. అక్కడా నీళ్లలో సీసం ఉంటుంది.

పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాముల సీసం ఉంటే జాగ్రత్తపడాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో గీత గీసింది. ఒక మామూలు .22 బుల్లెట్ బరువు సుమారు 2.6 గ్రాములు, అంటే 26 లక్షల మైక్రోగ్రాములు. కాబట్టి ఈ పని వంటగది సింకులో చేయకూడదు. చేతులకు గ్లవ్స్ ఉండాలి, పొడిగా గీకి దుమ్ము లేపకూడదు, ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతకకూడదు. వాడిన ద్రావణాన్ని కాలువలో పారబోయకుండా మూత బిగించిన డబ్బాలో పోసి, పేరు రాసి అతికించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇవ్వాలి.