పట్టీ తీస్తే... అంతా పొగాకే!

ఒక సిగార్ వందల్లో దొరుకుతుంది. ఇంకోటి వేలు పోస్తేగానీ రాదు. చూడ్డానికి రెండూ ఆకు చుట్టలే! మరి అంత తేడా ఎక్కడుంది? ఆకులోనా, చుట్టిన చేతిలోనా... లేక నడుముకు చుట్టిన బంగారు రంగు కాగితంలోనా?

అమెరికన్ రచయిత మార్క్ ట్వెయిన్‌కి చవక సిగార్లంటే ప్రాణం. ఆయన స్నేహితులకు మాత్రం వాటి పేరు చెబితేనే హడల్. ఓసారి పన్నెండు మందిని రాత్రి భోజనానికి పిలిచాడాయన. వాళ్లలో ఒకాయన ఖరీదైన సిగార్లకు పెట్టింది పేరు. ట్వెయిన్ ముందుగానే ఆయనింటికి వెళ్లి, ఎవరూ చూడకుండా రెండు గుప్పిళ్ల సిగార్లు పట్టుకొచ్చేశాడు. ఒక్కోటి నలభై సెంట్లు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. వాటికున్న ఎరుపు, బంగారు రంగు పట్టీలు పీకేసి, తన చవక సిగార్ల పెట్టెలో సర్దాడు.

భోజనాలయ్యాయి. పెట్టె అందరి ముందుకూ వచ్చింది. అతిథులు మొహమాటానికి తలా ఒకటి వెలిగించారు. రెండు దమ్ములు పీల్చారో లేదో... ఏవో సాకులు చెప్పి ఒక్కొక్కరే జారుకున్నారు. తెల్లారి చూస్తే వాకిలి నుంచి గేటు దాకా సిగార్లే! ఒక్కటి మాత్రం పళ్లెంలో ఉంది. అది ఎవరి పళ్లెమో తెలుసా? ఆ సిగార్ల అసలు యజమానిది. తన సరుకును తనే గుర్తుపట్టలేకపోయాడు పాపం. పైగా ‘ఇలాంటివి ఇస్తే నిన్నెవరో ఒకరు కాల్చేస్తారు’ అని ట్వెయిన్‌నే హెచ్చరించాడట!

ఈ ముచ్చటను ట్వెయిన్ పొగాకు మీద రాసిన ఓ వ్యాసంలో స్వయంగా చెప్పుకున్నాడు. కథను కాస్త పెంచి చెప్పాడేమో కానీ, అందులోని సంగతి మాత్రం నిజం. సిగార్ రుచిలో సగం పట్టీ చెప్పేదే!

ధరలో ఏముంది?

ఖరీదంతా ఉత్తుత్తిదేనా అంటే... కాదు. కొంతవరకు ధరకు కారణం ఉంది. చేత్తో చుట్టిన మంచి సిగార్‌లో మూడు రకాల ఆకులుంటాయి. లోపల నింపేది ఫిల్లర్. దాన్ని కదలకుండా పట్టి ఉంచేది బైండర్. అన్నిటికన్నా పైన నున్నగా, చీరకు అంచులా మెరిసేది రాపర్. ఎక్కువ ఖరీదు చేసేది ఈ పై ఆకే. చిన్న చిరుగు, మచ్చ ఉన్నా పనికిరాదు. అందుకే అమెరికాలోని కనెక్టికట్ లోయలో పొలం మొత్తానికి పల్చటి గుడ్డతో పందిరి వేసి మరీ ఈ ఆకు పండిస్తారు. ఈక్వెడార్‌లో ఆ బాధ లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు కమ్ముకుని ఉండే మబ్బులే అక్కడ పందిరి.

కోసిన ఆకును కొట్టాల్లో వారాల తరబడి వేలాడదీసి ఆరబెడతారు. తర్వాత కుప్పలు పోసి మగ్గబెడతారు. లోపల వేడి పుట్టి ఘాటు, చేదు తగ్గుతాయి. కుప్పను తిరగేస్తూ, మళ్లీ పేరుస్తూ... ఇలా నెలలు గడుస్తాయి. ఆ పైన నిల్వ. మంచి ఆకు సిగార్‌గా మారడానికి రెండు మూడేళ్లు పట్టడం మామూలే. అన్నాళ్లూ పెట్టుబడి గోదాములో పడి ఉన్నట్టే.

ఆఖరున చుట్టేవారి చేయి. నేర్పున్నవారు రోజుకు వందకు అటూ ఇటూ చుడతారు. బిగువు ఎక్కువైతే పొగ రాదు. తక్కువైతే ఒక పక్కనే కాలిపోతుంది. పని విసుగనిపించకుండా కార్మికులకు పుస్తకాలు చదివి వినిపించే ఆచారం 1865లో హవానాలో మొదలైంది. ‘మాంటెక్రిస్టో’, ‘రోమియో వై జూలియెటా’ బ్రాండ్లు గుర్తున్నాయా? ఒకటి డ్యూమా నవల పేరు, ఇంకోటి షేక్‌స్పియర్ నాటకం పేరు!

ఆకు, కాలం, చేయి... ఈ మూడిటికీ డబ్బు పెట్టాల్సిందే. మరి ఆ పైన మనం కట్టేది దేనికి?

కోహిబా కథ

క్యూబాలో 1966లో పుట్టిన కోహిబాను మొదట్లో దుకాణాల్లో అమ్మేవారే కాదు. ప్రభుత్వ పెద్దలకు, విదేశీ అతిథులకు బహుమతిగా ఇచ్చేవారు. దాంతో ‘క్యాస్ట్రో తాగే సిగార్’ అని ప్రపంచమంతా పాకిపోయింది. 1982లో అమ్మకానికి వచ్చేసరికి ప్రకటనలే అక్కర్లేకపోయింది. అందులో వాడే కొన్ని ఆకుల్ని అదనంగా మూడోసారి కూడా మగ్గబెడతారు. కాబట్టి నాణ్యత ఉంది, కాదనలేం.

కానీ 2022లో ఏం జరిగిందో చూడండి. క్యూబన్ సిగార్లను ప్రపంచానికి అమ్మే హబానోస్ సంస్థ కోహిబా, ట్రినిడాడ్ ధరలను అన్ని దేశాల్లోనూ హాంకాంగ్ ధరకు సమానం చేసింది. కొన్నిచోట్ల రాత్రికి రాత్రి ధర రెట్టింపు దాటిపోయింది. ఆకు మారలేదు. చుట్టేవారి చేయి మారలేదు. మారింది పట్టీ విలువ ఒక్కటే! అదే ఏడాది సెప్టెంబరులో ఇయన్ తుపాను పొగాకుకు పేరుమోసిన పినార్ దెల్ రియో ప్రాంతంలో వేలాది ఆరబెట్టే కొట్టాల్ని నేలకూల్చింది. సరుకు కరవైంది, గిరాకీ ఇంకా పెరిగింది. 2023లో హబానోస్ అమ్మకాలు 72 కోట్ల డాలర్లు దాటాయి.

దొరకని వస్తువుకే మోజెక్కువ. ఆ మోజుకే అసలు ధర!

పేరు ఒకటే... దేశాలు రెండు!

1960లో క్యూబా ప్రభుత్వం పొగాకు కంపెనీలను జాతీయం చేసింది. యజమానులు చాలామంది చేతిలో విద్య, కొందరు విత్తనాలు కూడా పట్టుకుని దేశం దాటారు. 1962 ఫిబ్రవరిలో అమెరికా క్యూబా వాణిజ్యాన్ని నిషేధించింది. ఆ సంతకం చేసే ముందు అధ్యక్షుడు కెనెడీ తనకు నచ్చిన క్యూబన్ సిగార్లు పన్నెండు వందలు తెప్పించుకున్నారని ఆయన కార్యదర్శి పియరీ సాలింజర్ తర్వాత బయటపెట్టారు.

వలస వెళ్లినవాళ్లు డొమినికన్ రిపబ్లిక్, హోండురాస్, నికరాగువాల్లో కొత్తగా తోటలు వేశారు. అందుకే నేడు ఒకే పేరుతో రెండు దేశాల సిగార్లున్నాయి. క్యూబా కోహిబా వేరు, అమెరికా దుకాణాల్లో అమ్మే డొమినికన్ కోహిబా వేరు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ‘ఇక్కడి దుకాణంలో కొన్నా, అసలు సిసలు క్యూబాది’ అని పంపితే నవ్వి ఊరుకోండి. నిషేధం వల్ల అక్కడి దుకాణాలు క్యూబా సరుకు అమ్మకూడదు. ప్రయాణికులు సొంతానికి తెచ్చుకునే వీలును కూడా 2020లో తీసేశారు.

ఇలా వెళ్లినవారిలో హోసే ఓర్లాండో పద్రోన్ ఒకరు. మయామీలో ఎవరో ఇచ్చిన చిన్న సుత్తితో వడ్రంగం పనిచేసి కూడబెట్టిన ఆరు వందల డాలర్లతో 1964లో సిగార్ల వ్యాపారం మొదలుపెట్టారు. అప్పట్లో ఆయన సిగార్లు సామాన్యులవే. ఇప్పుడు ఆ పేరుతో వచ్చే ప్రత్యేక రకాలు ఖరీదైన వాటిలో లెక్క. నాటి చవక సరుకే నేటి పెద్ద పేరు!

నికరాగువాలోని ఎస్తెలీ ఊరు ఇప్పుడు సిగార్లకు ఇంకో హవానా. అక్కడ తయారైన ‘ఫ్లోర్ దె లాస్ ఆంతిల్యాస్’ రకాన్ని 2012లో ప్రముఖ సిగార్ పత్రిక ‘సిగార్ అఫిషియొనాడో’ ఆ ఏటి మేటిగా ఎంపిక చేసింది. దాని ధర అప్పట్లో పది డాలర్ల లోపే. ఆ పత్రిక రుచి చూసేవాళ్లకు పేరు తెలియనివ్వదు. పట్టీ కనబడకపోతే చవక సిగార్ కూడా నెగ్గగలదన్నమాట.

తక్కువలో మంచిది ఎలా?

ఎప్పుడో ఒకసారి వేడుకకో, విదేశీ అతిథికి కానుకగానో కొనాల్సి వచ్చినవారికి తెలిసినవాళ్లు చెప్పే కిటుకులివి.

* రంగు తేడా మాత్రమే ఉన్నవి: పై ఆకు రంగు కాస్త తేడాగా ఉందని పక్కన పెట్టిన సిగార్లను ‘సెకండ్స్’ అంటారు. పట్టీ, చెక్కపెట్టె లేకుండా కట్టలుగా అమ్ముతారు. లోపలి ఆకు చాలాసార్లు మంచి కంపెనీదే. మన పట్టుచీరల షాపుల్లో చిన్న మచ్చున్న చీరను తగ్గించి ఇచ్చినట్టే!

* తురుము నింపినవి: లోపల పొడుగాకుకు బదులు ముక్కలు నింపితే ధర బాగా తగ్గుతుంది. క్యూబాలోనే తయారయ్యే ‘హోసే ఎల్. పియెద్రా’ ఇలాంటిదే. పెద్ద సైజు కోహిబా ఒక్కటి కొనే డబ్బుతో ఇవి అయిదు ఉన్న పెట్టె కొన్నా చిల్లర మిగులుతుంది. అయితే త్వరగా కాలుతుంది, కాస్త ఘాటెక్కువ.

* చిన్న సైజు: పేరున్న కంపెనీదే కావాలనుకుంటే చిన్న సైజు చాలు. ధర తక్కువ.

* చేత్తో పట్టి చూడండి: మొదలు నుంచి చివరి దాకా మెల్లగా నొక్కితే ఒకేలా ఉండాలి. గుల్లగా, గడ్డలుగా తగలకూడదు. పై ఆకు పగిలి పొడిపొడిగా ఉంటే ఎంత పెద్ద పేరైనా వద్దు. సన్నటి సూది బెజ్జాలు కనబడితే పురుగు పట్టినట్టే. మన ఎండలకు ఆ పురుగు ఇట్టే పొదుగుతుంది.

* దాచడమే అసలు పని: సిగార్లకు సుమారు 65 నుంచి 70 శాతం తేమ కావాలి. ఫ్రిజ్‌లో విడిగా పడేస్తే ఎండిపోతాయి. బీరువాలో ఏళ్ల తరబడి దాచిన ఖరీదైన సిగార్ కన్నా, తేమ చెడకుండా ఉంచిన చవకదే నయం.

* అద్దం మూతకు మోసపోవద్దు: పేరున్న క్యూబన్ రకాలకు నకిలీల బెడద ఎక్కువ. అద్దం మూత పెట్టెలో ‘కోహిబా’ కనబడిందంటే అది నకిలీ అనే అనుకోవాలి. అసలు పెట్టె మీద క్యూబా ప్రభుత్వ ముద్ర పట్టీ, హోలోగ్రామ్ ఉంటాయి. హవానా వీధుల్లో ‘మా అన్న ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, సగం ధరకే ఇస్తా’ అనే మాట పర్యాటకులకు చిరపరిచితం. తెచ్చుకున్నాక చూస్తే... అరటాకు కొనుక్కున్నా ఇంకాస్త పనికొచ్చేదే!

పట్టీ లేని పేరు... మన లంక!

ఇంతకీ పట్టీ, పెట్టె ఏమీ లేకుండా లండన్ దాకా పేరు మోసిన చుట్ట ఒకటుంది. అది మన గోదావరి జిల్లాలదే!

1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదను బట్టి నేరస్థుణ్ణి పట్టడం గురించి చెబుతూ ‘లంకా’ పేరెత్తుతాడు. అది గోదావరి లంకల్లో పండిన పొగాకుతో చుట్టిన చుట్టే. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులోనూ లంక చుట్టలకు చోటు దక్కింది. మద్రాసు రాజధానిలో వీటికి మంచి గిరాకీ ఉండేది. వరద తెచ్చిపోసే ఒండ్రుమట్టే లంక పొగాకు గొప్పదనం. సిగరెట్లకు వాడే గుంటూరు, ప్రకాశం బ్యారన్ పొగాకుకూ దీనికీ సంబంధం లేదు.

మన చుట్టకు రెండు కొసలూ తెరిచే ఉంటాయి. సిగార్‌కు ఒక కొస మూసి ఉంటుంది, దాన్ని కత్తిరించి వెలిగించాలి. అంతే తేడా! ‘కన్యాశుల్కం’ గిరీశం చుట్ట వెలిగించినా, హవానా ధనికుడు సిగార్ వెలిగించినా... కాలేది పొగాకే.

పట్టీ మీద రాయని ఖరీదు

ఆ పొగాకు దగ్గరే అసలు లెక్క తేలాలి. సిగార్ పొగను లోపలికి పీల్చరు కాబట్టి పర్వాలేదనుకుంటారు చాలామంది. అది పొరపాటు. కొన్ని పెద్ద సిగార్లలో ఒక సిగరెట్ పెట్టె మొత్తంలో ఉన్నంత పొగాకు ఉంటుందని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ చెబుతోంది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు అది దారితీస్తుంది. పక్కన కూర్చున్న ఇంటివారు కూడా ఆ పొగే పీలుస్తారు. మన శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో మండే కొసను నోట్లో పెట్టుకుని ‘అడ్డపొగ’ తాగే ఆడవాళ్లలో అంగిట క్యాన్సర్ ఎక్కువగా కనబడటాన్ని వైద్యులు దశాబ్దాల కిందటే గమనించారు. అక్కడ చుట్ట ఖరీదు రూపాయల్లో కొద్దే. వైద్యానికయ్యే ఖర్చు మాత్రం కొద్ది కాదు.

కాబట్టి సిగార్‌లో ‘మంచి బేరం’ అంటే ఒక్కటే. కొనక తప్పని రోజున పట్టీకి కాక ఆకుకు డబ్బు పెట్టండి. ఆ రోజు రాకపోతే... ఇంకా మంచి బేరం! జేబుకూ లాభం, ఊపిరికీ లాభం.